పాఠశాల ముంగిట ప్రయోగశాల: కుప్పం నుండి 19 రాష్ట్రాలకు 'అగస్త్య' ప్రస్థానం

పౌరులందరూ శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసను, సంస్కరణ భావాన్ని పెంపొందించుకోవాలని భారత రాజ్యాంగంలోని 51ఏ అధికరణం నిర్దేశిస్తున్నది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన ప్రాథమిక విధులలో ఇది ఒకటి. విధి అందరికీ సమానమే అయినప్పటికీ, దానిని నిర్వర్తించేందుకు కావలసిన సాధనాలు అందరికీ సమానంగా అందడం లేదన్నది కాదనలేని సత్యం. నగరంలోని పేరున్న పాఠశాలలో చదివే విద్యార్థి సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర కణాలను చూసి నేర్చుకునే పాఠాన్ని, మారుమూల పల్లెలోని విద్యార్థి నల్లబల్లపై సుద్దముక్కతో గీసిన బొమ్మను చూసి నేర్చుకోవలసి వస్తున్నది. పరీక్షలో ఇద్దరికీ ఒకే ప్రశ్న వస్తుంది. ఇద్దరూ ఒకే సమాధానం వ్రాయవచ్చు కూడా. అయితే ఒకరు తాను చూసినది వ్రాస్తారు, మరొకరు తాను విన్నది వ్రాస్తారు.

ఈ అంతరాన్ని తగ్గించే లక్ష్యంతో 1999లో ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్. బెంగళూరు ప్రధాన కార్యాలయంగా పనిచేస్తున్న ఈ సంస్థకు చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతం కార్యక్షేత్రమైంది. అక్కడ మొదలైన సంచార ప్రయోగశాల ప్రయోగం 2020 నాటికి 19 రాష్ట్రాలకు విస్తరించింది. శాస్త్ర, సాంకేతిక, ఇంజనీరింగ్, గణిత రంగాలను కలిపి నేడు 'స్టెమ్' విద్య అని వ్యవహరిస్తున్నారు. ఈ విద్యను పేద పిల్లల చెంతకు చేర్చడంలో ఆ సంస్థ అనుసరించిన మార్గం, అది సాధించినది, దాని నుండి విద్యాశాఖ అధికారులు, పాత్రికేయులు గ్రహించదగిన అంశాలు ఈ క్రింద వివరించబడినవి.

బీరువాలో భద్రంగా ఉన్న విజ్ఞానం

గ్రామీణ ప్రాంతాలలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు ప్రయోగ పరికరాలు అసలే లేవని చెప్పడం సరికాదు. ఏదో ఒక పథకం క్రింద, ఏదో ఒక సంవత్సరంలో పరీక్షనాళికలు, కటకాలు, అయస్కాంతాలు చాలా పాఠశాలలకు చేరినవే. అయితే చేరిన పరికరం స్టాకు రిజిస్టరులో నమోదవుతుంది. నమోదైన వస్తువు పగిలితే వివరణ ఇవ్వవలసిన బాధ్యత ఉపాధ్యాయునిదే. ఆ కారణంగా గాజు సామగ్రి బీరువాలోనే ఉండి, బీరువా తాళంచెవి ప్రధానోపాధ్యాయుని సొరుగులో ఉండడం విద్యాశాఖలో పనిచేసిన వారెవరికీ కొత్త విషయం కాదు. తనిఖీ వేళ వస్తువుల లెక్క సరిపోతుంది. ఆ వస్తువుతో ఎందరు పిల్లలు ఎన్నిసార్లు ప్రయోగం చేశారన్న లెక్క మాత్రం ఏ రిజిస్టరులోనూ కనబడదు.

దీనికి తోడు తరగతిలో విద్యార్థుల సంఖ్య, పాఠ్యాంశాలను సకాలంలో పూర్తి చేయవలసిన ఒత్తిడి, బోధనేతర విధులు కలిసి ఉపాధ్యాయునికి ప్రయోగం చేయించే వ్యవధి లేకుండా చేస్తున్నాయి. ప్రాథమికోన్నత స్థాయిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలన్నింటినీ ఒక్కరే బోధించవలసి రావడం కూడా సాధారణమే. అందువల్ల సమస్యను కేవలం పరికరాల కొరతగా చూడక, పరికరం, దానిని వాడే నేర్పు, వాడేందుకు తీరిక అనే మూడింటి కొరతగా చూడవలసి ఉన్నది. సంచార ప్రయోగశాల అన్న ఆలోచన ఈ మూడింటినీ ఒకే వాహనంలో పాఠశాల ముంగిటకు తీసుకురావడానికి చేసిన ప్రయత్నం.

కుప్పంలో అంకురం

సంస్థ వ్యవస్థాపకులు శ్రీ రాంజీ రాఘవన్ బ్యాంకింగ్ రంగంలో ఉన్నత స్థాయిలో పనిచేసి, ఆ వృత్తిని విడిచి ఈ రంగంలో ప్రవేశించారు. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ పాఠశాలలో ఆయన విద్యాభ్యాసం సాగింది. నాటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లెకు సమీపాన ఉన్న ఆ పాఠశాల ప్రకృతి నడుమ స్వేచ్ఛగా ప్రశ్నించి నేర్చుకునే పద్ధతికి దేశవ్యాప్తంగా పేరుపొందినది. కొద్దిమందికి మాత్రమే లభించే అటువంటి నేర్చుకునే అనుభవం పేద పిల్లలకు పెద్ద సంఖ్యలో ఎలా అందుతుందన్న ప్రశ్న సంస్థ కృషికి మూలం. శాస్త్రవేత్తలు, విద్యావేత్తలు, పారిశ్రామికవేత్తలు ఈ యత్నంలో ఆయనకు తోడుగా నిలిచారు.

సంస్థకు అగస్త్య మహర్షి పేరు పెట్టడం గమనింపదగినది. వింధ్య పర్వతం దారికి అడ్డుగా పెరుగుతున్నప్పుడు మహర్షి దానిని వంగి ఉండమని ఆదేశించి దక్షిణాపథానికి తరలి వచ్చాడని, నాటి నుండి ఆ పర్వతం తలవంచే ఉన్నదని పురాణ గాథ. ఉత్తరాది నుండి విద్యను దక్షిణాదికి తెచ్చిన వానిగా తెలుగు, తమిళ, కన్నడ ప్రాంతాలు ఆయనను స్మరిస్తాయి. ఈ మూడు భాషల కూడలిలో ఉన్న కుప్పానికి ఆ పేరు సహజంగా అమరింది.

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక రాష్ట్రాల సరిహద్దులు కలిసే చోట కుప్పం ఉన్నది. ఇక్కడి ఇళ్ళలో తెలుగు, తమిళం, కన్నడం వినవస్తాయి. ద్రావిడ భాషల అధ్యయనానికై 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే ఏర్పాటైంది. వర్షాధార సేద్యం, గ్రానైట్ గుట్టలు, ఉపాధికై పొరుగు రాష్ట్రాలకు సాగే వలసలు ఈ ప్రాంతపు జీవన లక్షణాలు. కుప్పం సమీపంలోని గుడివంక వద్ద రాష్ట్ర ప్రభుత్వ సహకారంతో సమకూరిన 172 ఎకరాల రాతినేలలో సంస్థ తన ప్రాంగణాన్ని నెలకొల్పింది. ఒకప్పుడు బీడుగా ఉన్న ఆ నేలలో వాననీటిని నిలిపి, మొక్కలను పెంచి, పచ్చదనాన్ని పునరుద్ధరించారు. నేడు ఆ నేల కూడా పిల్లలకు పర్యావరణ పాఠమే.

చూడడం వేరు, చేయడం వేరు

విజ్ఞానాన్ని వాహనంపై గ్రామాలకు చేర్చడం మన దేశంలో మునుపు లేని ఆలోచన కాదు. 1959లో ప్రారంభమైన కోల్‌కతాలోని బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1965లోనే సంచార విజ్ఞాన ప్రదర్శనలను మొదలుపెట్టింది. ప్రదర్శనలో పిల్లలు వరుసగా వచ్చి నమూనాలను చూస్తారు, వివరణ వింటారు, ముందుకు సాగుతారు. అగస్త్య సంచార ప్రయోగశాలలో పిల్లలు గుంపులుగా కూర్చొని నమూనాను తమ చేతుల్లోకి తీసుకుంటారు. నమూనాలు సాధారణంగా చవకగా దొరికే వస్తువులతో తయారవుతాయి. పగిలినా, విరిగినా నష్టం స్వల్పం. బీరువా తాళానికి కారణమైన భయం ఇక్కడ ఉండదు.

ఈ బోధనా పద్ధతిని తెలుసుకోవడానికి ఒక్క ఉదాహరణ చాలును. మనం ఊపిరి పీల్చినప్పుడు గాలి లోపలికి పోయి ఛాతీని ఉబ్బిస్తుందని చాలామంది పిల్లలు, కొందరు పెద్దలు కూడా భావిస్తారు. వాస్తవం దీనికి విరుద్ధం. ముందు ఛాతీ కుహరం విస్తరిస్తుంది. దాని వలన లోపలి పీడనం తగ్గుతుంది. ఆపైన వెలుపలి గాలి లోపలికి ప్రవేశిస్తుంది. ఈ విషయాన్ని పుస్తకంలో చదివిన విద్యార్థి కంఠస్థం చేసి వ్రాయగలడు. అయితే అడుగు భాగం కోసిన ఒక ప్లాస్టిక్ సీసా, లోపల గొట్టానికి కట్టిన రెండు బుడగలు, అడుగున బిగించిన రబ్బరు పొర ఉంటే ఊపిరితిత్తుల నమూనా సిద్ధమవుతుంది. విద్యార్థి రబ్బరు పొరను క్రిందికి లాగగానే, ఎవరూ ఊదకుండానే, లోపలి బుడగలు ఉబ్బుతాయి. పొరను వదలగానే ముడుచుకుంటాయి. ఆ రబ్బరు పొర మన శరీరంలోని ఉదరవితానానికి ప్రతిరూపం.

బుడగలు ఉబ్బిన క్షణంలో విద్యార్థి నోట వచ్చే మాట, 'ఎందుకు?' ఆ ప్రశ్న ఉపాధ్యాయుడు అడిగినది కాదు. విద్యార్థి తనకు తానుగా అడిగినది. 'అవును' అనే అలవాటు నుండి 'ఎందుకు' అనే అలవాటుకు, చూడడం నుండి పరిశీలించడానికి, ఊరకే వినడం నుండి అన్వేషించడానికి, పాఠ్యపుస్తకం నుండి చేతిపనికి, భయం నుండి ఆత్మవిశ్వాసానికి పిల్లలు మారాలన్నది సంస్థ ప్రకటించుకున్న లక్ష్యం. తప్పు సమాధానం చెప్పినందుకు నవ్వులపాలు కావడానికి అలవాటుపడిన మొదటి తరం విద్యార్థికి, తప్పు ఊహను కూడా ప్రయోగం చేసి సరిచూసుకోవచ్చునన్న అనుభవం కలగడం చిన్న విషయం కాదు.

ఒక వాహనం, ఇరవై పాఠశాలలు

సంచార ప్రయోగశాలకు బలమైన ఆర్థిక హేతువు కూడా కలదు. ప్రతి పాఠశాలలోనూ పూర్తి స్థాయి ప్రయోగశాలను నెలకొల్పి, పరికరాలను సమకూర్చి, నిపుణుడైన బోధకుని నియమించడం భారీ వ్యయంతో కూడిన పని. నెలలో ఎక్కువ రోజులు ఆ సామగ్రి ఖాళీగానే ఉంటుంది. అదే సామగ్రిని వాహనంలో ఉంచి రోజుకొక పాఠశాల చొప్పున త్రిప్పితే, నెలకు 20 పనిదినాలు అనుకున్నచో, ఒక్క వాహనం 20 పాఠశాలలకు ఉపయోగపడుతుంది. వస్తువు ఒక్కటే, వినియోగం ఇరవై రెట్లు. స్థానిక యువతీ యువకులను బోధకులుగా తీర్చిదిద్దడం వలన పిల్లల భాషలోనే బోధన సాగుతుంది. సరిహద్దు ప్రాంతమైన కుప్పంలో ఇది మరింత అవసరం.

ఈ లెక్క దాతలను, ప్రభుత్వాలను కూడా ఆకర్షించింది. ఒక వాహనానికి అయ్యే వార్షిక వ్యయం ఎంతో, దాని వలన ఎన్ని పాఠశాలలకు సేవ అందునో ముందుగానే తెలిసినందున, ఒక కార్పొరేటు సంస్థ ఒక వాహనాన్ని, మరొక సంస్థ ఒక జిల్లాలోని కార్యక్రమాన్ని తన బాధ్యతగా స్వీకరించడం సులభమైంది. 2022లో దివంగతులైన ప్రముఖ మదుపరి శ్రీ రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా ఈ సంస్థకు అండగా నిలిచిన దాతలలో ఒకరు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను నిర్దిష్ట స్థాయికి మించిన కంపెనీలు తమ సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కార్యక్రమాలపై వెచ్చించాలని నిర్దేశించింది. 2014 ఏప్రిల్ నుండి ఈ నిబంధన అమలులోకి రావడంతో విద్యారంగంలోని ఇటువంటి సంస్థలకు కొత్త వనరులు అందుబాటులోకి వచ్చాయి.

నాలుగు చక్రాల నుండి రెండు చక్రాలకు

విస్తరణ క్రమంలో సంస్థ తన పద్ధతిని ఎప్పటికప్పుడు సవరించుకున్నది. పెద్ద వాహనం వెళ్ళలేని త్రోవలు, అంత సామగ్రి అవసరం లేని చిన్న బడులు గ్రామీణ ప్రాంతాలలో అనేకం. వీటిని దృష్టిలో ఉంచుకొని మోటారు సైకిల్‌పై పెట్టెలో అమరే ప్రయోగశాలను రూపొందించారు. 2013లో గూగుల్ సంస్థ భారతదేశంలోని స్వచ్ఛంద సంస్థలకు నిర్వహించిన ఇంపాక్ట్ ఛాలెంజ్ పోటీలో అగస్త్య సంస్థ విజేతలలో ఒకటిగా నిలిచి 3 కోట్ల రూపాయల పురస్కారం పొందినది ఈ ద్విచక్ర ప్రయోగశాల ప్రతిపాదనతోనే.

అనంతరం 'పెట్టెలో ప్రయోగశాల' అనే మరొక పద్ధతి కూడా ఆచరణలోకి వచ్చింది. ఇందులో ఒక్కొక్క అంశానికి సంబంధించిన నమూనాలను ఒక పెట్టెలో అమర్చి పాఠశాలలకు అందజేస్తారు. ఉపాధ్యాయులకు వాటిని ఉపయోగించే విధానంలో శిక్షణ ఇస్తారు. ఇక్కడ ప్రయోగం చేయించేది వెలుపలి బోధకుడు కాక, ఆ పాఠశాల ఉపాధ్యాయుడే కావడం విశేషం. 'ఆపరేషన్ వసంత' పేరిట గ్రామాలలో స్వచ్ఛంద కార్యకర్తల సహాయంతో రాత్రివేళ బడులను కూడా సంస్థ నిర్వహించింది. పగటిపూట పనిపాటలకు పోయే తల్లిదండ్రులు తమ పిల్లలు నేర్చుకుంటున్న తీరును కళ్ళారా చూసే అవకాశం వీటి వలన లభించింది.

2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి కారణంగా దేశవ్యాప్తంగా పాఠశాలలు మూతపడినప్పుడు చేతితో తాకి నేర్చుకోవడమే ప్రాణంగా గల ఈ పద్ధతికి సహజంగానే విఘాతం కలిగింది. బోధనను అంతర్జాలం ద్వారా కొనసాగించే ప్రయత్నాలు జరిగినవి. స్మార్ట్‌ఫోను లేని ఇంటి బిడ్డకు ఆ మార్గం కూడా దూరమే కావడం, సదుపాయాల అంతరం ఎంత లోతైనదో మరొక్కసారి వెల్లడించింది.

పిల్లలకు పిల్లలే గురువులు

సంస్థ కార్యక్రమాలలో పిల్లలను బోధకులుగా తీర్చిదిద్దే కార్యక్రమం ప్రత్యేకంగా పేర్కొనదగినది. ప్రభుత్వ పాఠశాలల నుండి ఎంపిక చేసిన విద్యార్థులకు కొన్ని నమూనాలపై శిక్షణనిచ్చి, విజ్ఞాన మేళాలలో వారిచేత తోటి విద్యార్థులకు పాఠం చెప్పిస్తారు. వీరిని 'యువ బోధక నాయకులు' అని వ్యవహరిస్తారు. ఒక విషయాన్ని మరొకరికి వివరించవలసి వచ్చినప్పుడే అది మనకు ఎంతవరకు తెలిసినదో బయటపడుతుంది. ఎదుటివారు అడిగే ప్రశ్న బోధించే విద్యార్థిని మళ్ళీ పుస్తకం వైపు, నమూనా వైపు నడిపిస్తుంది.

తరగతి గదిలో చివరి వరుసలో కూర్చొని పేరు పిలిచినప్పుడు తప్ప నోరు మెదపని బాలిక, మేళాలో బల్ల వెనుక నిలబడి వందలమందికి ఒకే ప్రయోగాన్ని వివరించినప్పుడు ఆమెలో కలిగే మార్పు మార్కుల పట్టికకు అందేది కాదు. పదవ తరగతి తరువాత కుమార్తె చదువును ఆపివేయాలా, కొనసాగించాలా అన్న నిర్ణయం ఇంట్లో జరిగే రోజున, ఆ బాలిక తన మాట తాను చెప్పుకోగలగడానికి ఈ అలవాటు అక్కరకు వస్తుంది.

గుట్టల నడుమ గణిత వనం

గుడివంక ప్రాంగణంలో భౌతిక, రసాయన, జీవశాస్త్ర విభాగాలతో పాటు కళలకు, ఖగోళ విజ్ఞానానికి, పర్యావరణానికి సంబంధించిన కేంద్రాలు కూడా కలవు. పరిసర ప్రాంతాల ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులను బస్సులలో ఇక్కడకు తీసుకువచ్చి రోజంతా ప్రయోగాలు చేయిస్తారు. ఉపాధ్యాయ శిక్షణకు కూడా ఇదే కేంద్రం.

2017 చివరిలో ఈ ప్రాంగణంలో రామానుజన్ గణిత ఉద్యానవనం ప్రారంభమైంది. 1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో జన్మించి 32 సంవత్సరాల పిన్న వయసులోనే మరణించిన గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ స్మారకంగా దీనిని రూపొందించారు. గణిత శాస్త్రవేత్త శ్రీమతి సుజాతా రామదొరై, ఆమె భర్త శ్రీ శ్రీనివాసన్ రామదొరై, గణిత రచయిత శ్రీ వి.ఎస్.ఎస్. శాస్త్రి ఈ ఆలోచనకు రూపమిచ్చినవారు. గణితమంటే నల్లబల్లపై అంకెలేనని భయపడే పిల్లలు ఆరుబయట ఆకారాలను, సిద్ధాంతాలను కంటితో చూసి, చేతితో తాకి గ్రహించే అవకాశం ఇక్కడ కలిగింది. పేద కుటుంబంలో పుట్టి, చేతికందిన కొద్దిపాటి పుస్తకాలతోనే తన గణితాన్ని నిర్మించుకున్న రామానుజన్ పేరు, పేద పిల్లలు వచ్చే ఈ ప్రాంగణానికి సార్థకమైనది.

మిగిలిన 210 రోజులు

ఇంతవరకు వివరించిన విస్తరణ హర్షించదగినదే. అయితే పైన పేర్కొన్న లెక్కనే మరొకవైపు నుండి చూడవలసి ఉన్నది. ఒక వాహనం నెలకు 20 పాఠశాలలను సందర్శిస్తే, ఒక పాఠశాలకు అది వచ్చేది నెలకు ఒక్క రోజు. పది నెలల విద్యా సంవత్సరంలో సుమారు పది రోజులు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం 6 నుండి 8 తరగతులకు సంవత్సరానికి కనీసం 220 పనిదినాలు ఉండాలి. అంటే మిగిలిన 210 రోజులు ఆ పిల్లలు తమ ఉపాధ్యాయునితోనే, తమ తరగతి గదిలోనే గడుపుతారు. వాహనం రేపిన ప్రశ్న ఆ 210 రోజులలో బ్రతికి ఉంటుందా, చల్లారిపోతుందా అన్నదే ఈ కృషి ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

ఈ సందర్భంలో మధ్యప్రదేశ్ అనుభవాన్ని గుర్తు చేసుకోవడం సముచితం. 1972లో హోషంగాబాద్ జిల్లాలోని 16 ప్రభుత్వ పాఠశాలల్లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ సంస్థలు ప్రయోగాధారిత విజ్ఞాన బోధనను ప్రారంభించాయి. అనంతరం 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ కృషిని కొనసాగించింది. పాఠ్యపుస్తకం, పరీక్షా విధానం, ఉపాధ్యాయ శిక్షణ అన్నింటినీ పాఠశాల వ్యవస్థ లోపలి నుండే మార్చడం ఆ కార్యక్రమం ప్రత్యేకత. దేశంలోని విజ్ఞాన బోధనపై చర్చకు అది ఎంతగానో దోహదం చేసింది. కాగా వ్యవస్థలో భాగమైనందున దాని మనుగడ ప్రభుత్వ నిర్ణయంపై ఆధారపడింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దానిని నిలిపివేసింది.

ఈ రెండు మార్గాలను ప్రక్కప్రక్కన ఉంచి చూసినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. వెలుపలి నుండి వచ్చే వాహనం త్వరగా విస్తరించగలదు, ఎక్కువమందిని చేరగలదు, కాని పాఠశాలలో నెలకు ఒక్క రోజే ఉండగలదు. లోపలి నుండి జరిగే మార్పు ప్రతిరోజూ పనిచేస్తుంది, కాని నెమ్మదిగా సాగుతుంది, ఒక్క ఉత్తర్వుతో ఆగిపోవచ్చు. మొదటిది ప్రశ్నను రేపుతుంది, రెండవది ఆ ప్రశ్నను కాపాడుతుంది. ఈ రెండింటికీ నడుమ వారధి ఉపాధ్యాయుడు. వాహనం వచ్చిన రోజున ఆయన సిబ్బంది గదిలో కూర్చొని పెండింగు రికార్డులు పూర్తి చేసుకుంటే ఆ రోజు పిల్లలకు పండుగగా ముగుస్తుంది. అదే ఆయన పిల్లల ప్రక్కనే కూర్చొని, ఆ నమూనాను మరునాడు సీసాతో, బుడగలతో తానే తయారు చేయిస్తే ఆ రోజు ఒక ఆరంభమవుతుంది.

అంకెలు చెప్పేవి, చెప్పనివి

2020 నాటికి తమ కార్యక్రమాలు కోటీ 20 లక్షలకు పైగా పిల్లలకు, రెండున్నర లక్షల మంది ఉపాధ్యాయులకు చేరినట్లు సంస్థ పేర్కొన్నది. ఆర్థికంగా వెనుకబడిన పిల్లలకు చేతితో చేసి నేర్చుకునే విజ్ఞాన విద్యను అందించే కార్యక్రమాలలో ఇది ప్రపంచంలోని అతి పెద్ద వాటిలో ఒకటిగా గుర్తింపు పొందింది. ఈ సంఖ్య వెనుక బోధకుల, వాహన చోదకుల నిత్య శ్రమ ఉన్నది.

అదే సమయంలో, ఇటువంటి సంఖ్యలను పరిశీలించేటప్పుడు 'చేరిన' పిల్లలు వేరు, 'నేర్చుకున్న' పిల్లలు వేరని గుర్తుంచుకోవలసి ఉన్నది. ఒకే రోజు మేళాలో పాల్గొన్న విద్యార్థి, మూడు సంవత్సరాల పాటు ప్రతినెలా ప్రయోగాలు చేసిన విద్యార్థి లెక్కలో ఒక్కొక్కరుగానే కనబడవచ్చు. స్టెమ్ విద్యారంగంలో పనిచేస్తున్న ఏ సంస్థకైనా, ప్రభుత్వ పథకానికైనా ఈ మాట వర్తిస్తుంది. అందువల్ల క్షేత్ర పరిశీలనకు వెళ్ళే అధికారులు, వార్త సేకరించే పాత్రికేయులు మొత్తం సంఖ్యతో పాటు కొన్ని చిన్న ప్రశ్నలు అడగడం మేలు. ఒక పాఠశాలకు వాహనం సంవత్సరంలో ఎన్నిసార్లు వచ్చింది? వచ్చిన రోజున పిల్లలలో ఎందరు నమూనాను స్వయంగా తాకారు? బాలికలు ముందు వరుసలో ఉన్నారా? వాహనం వెళ్ళిన తరువాత ఆ నెలలో ఉపాధ్యాయుడు ఎన్ని ప్రయోగాలు చేయించారు? పాఠశాలలోని బీరువా చివరిసారిగా ఎప్పుడు తెరిచారు? ఈ ప్రశ్నలకు లభించే సమాధానాలు ఏ వార్షిక నివేదికకైనా విలువైన అనుబంధం కాగలవు.

ప్రభుత్వ పథకాలతో సమన్వయం

పాఠశాలలలో ప్రయోగ సంస్కృతిని నెలకొల్పడానికి ప్రభుత్వాలు కూడా వివిధ పథకాలను చేపట్టాయి. 2015 జూలైలో మాజీ రాష్ట్రపతి డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం చేతుల మీదుగా రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్ ప్రారంభమైంది. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ క్రింద ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు ఆర్థిక సహాయంతో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఏర్పాటయ్యాయి. దేశవ్యాప్తంగా వీటి సంఖ్య 10 వేలకు చేరగా, రానున్న ఐదు సంవత్సరాలలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50 వేలు నెలకొల్పనున్నట్లు 2025–26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు.

గ్రామీణ విద్యార్థుల ఉన్నత సాంకేతిక విద్యకై 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పాటైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ఇడుపులపాయ, నూజివీడు, బాసర ప్రాంగణాలతో ప్రారంభమై, పదవ తరగతి పూర్తిచేసిన విద్యార్థులను ఆరు సంవత్సరాల సమీకృత కోర్సులో చేర్చుకున్నది. ఇంటర్మీడియెట్‌లో ఎం.పి.సి., బై.పి.సి. గ్రూపులు తీసుకునే ధైర్యం విద్యార్థికి కలిగేదీ, కలగకపోయేదీ అంతకు ముందు ఆరు నుండి పది తరగతుల మధ్యనే. ఆ ఐదు సంవత్సరాలలో విజ్ఞానశాస్త్రం భయపెట్టే పాఠ్యాంశంగా మిగిలితే, ఎన్ని ఉన్నత విద్యాసంస్థలు నెలకొల్పినా పేద ఇంటి బిడ్డ వాటి వాకిలి వరకు రాలేదు.

కొత్తగా ఏర్పడే ప్రయోగశాలలు కూడా పాత బీరువాల దారి పట్టకుండా చూడడమే ఇప్పుడు అందరి ముందున్న బాధ్యత. అందుకు భారీ వ్యయం కూడా అవసరం లేదు. ప్రయోగంలో పగిలిన పరికరానికి ఉపాధ్యాయుని సంజాయిషీ అడగకుండా సముచిత మినహాయింపు ఉండడం, తనిఖీ నమూనాలో వస్తువుల సంఖ్యతో పాటు జరిగిన ప్రయోగాల సంఖ్యకు కూడా ఒక గడి చేర్చడం, సంచార ప్రయోగశాల వచ్చే తేదీని ముందుగా తెలిపి ఆ వారపు పాఠ్యాంశాన్ని దానికి అనుసంధానించడం వంటి చర్యలు మండల విద్యాశాఖాధికారి స్థాయిలోనే ఆలోచించదగినవి.

పాతికేళ్ళ క్రితం కుప్పం గుట్టల నడుమ మొదలైన ప్రయత్నం, పేద పిల్లల చెంతకు ప్రయోగశాలను చేర్చడం అసాధ్యం కాదని నిరూపించింది. వాహనం సాయంత్రానికి తన సామగ్రిని సర్దుకొని మరొక గ్రామానికి తరలిపోతుంది. బడి ఆవరణలో మిగిలేవి ఒక ఉపాధ్యాయుడు, కొందరు పిల్లలు, వారి నోట మెదిలే ఒక ప్రశ్న. మరునాటి ఉదయం ప్రార్థన ముగిసి తరగతి మొదలైనప్పుడు ఆ ప్రశ్నకు చోటు దొరికిననాడు ఈ కృషి సంపూర్ణమవుతుంది.